నిరీక్షణ: దారి తోచని కాలంలో క్రైస్తవ విశ్వాసం

క్రైస్తవ విశ్వాసం అంటే దేవుడు ఉన్నాడని ఒప్పుకోవడం ఒక్కటే కాదు. ఆయన మంచితనాన్ని ఆనుకుని బతకడం. రోజులు సాఫీగా సాగుతున్నప్పుడు ఈ రెండింటికీ తేడా పైకి కనిపించదు. వానలు పడక విత్తనం భూమిలోనే మాడిపోయినప్పుడు, ఇంట్లో చిన్న వయసు మనిషి పోయినప్పుడు, ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థనకు జవాబు రానప్పుడు అది బయటపడుతుంది. దేవుడు ఉన్నాడన్న ఒప్పుదల అలాగే ఉంటుంది, ఆనుకోవడమే కష్టమవుతుంది. కారణం తెలిసిన బాధను మనిషి ఎలాగో ఓర్చుకుంటాడు. ఎందుకొచ్చిందో, ఎప్పుడు పోతుందో తెలియని బాధ మాత్రం దేవుడి గుణం మీదనే సందేహం పుట్టిస్తుంది. అలాంటి కాలంలో విశ్వాసం ఎలా నిలుస్తుంది, ఎలా పెరుగుతుంది అన్నది చాలా పాత ప్రశ్న. బైబిలు చెప్పిన దాన్ని, తెలుగునాట సంఘాలు బతికిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. వివరణ దొరకడం వల్ల విశ్వాసం పెరగలేదు. వివరణ దొరకని రోజుల్లో కూడా ప్రార్థనను, చేయవలసిన పనిని, తోటివారి చేతిని విడిచిపెట్టకపోవడం వల్ల పెరిగింది.

మూడు మాటలు

ఈ సంగతి తెలుగు బైబిలు వాడిన మాటల్లోనే కొంత ఉంది. రేపటి మీద ఆశ అనవలసిన చోట అనువాదకులు ఎక్కువగా 'నిరీక్షణ' అన్నారు. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్సు కోసం, వాన కోసం, పట్నం వెళ్ళిన కొడుకు కోసం చేసేది. సంఘాల్లో తరతరాలుగా ఈ మాట వినేవారికి ఆశ, ఎదురుచూపు ఒకటే అయిపోయాయి. ఇంకా రానిదాని కోసం వాకిట్లో నిలబడడమే నిరీక్షణ. చేతికి అందినదాని కోసం ఎవరూ నిరీక్షించరు. కాబట్టి జవాబు రాని కాలం విశ్వాసానికి వెలుపలి కాలం కాదు, దాని సొంత ఇల్లే.

రెండో మాట 'శోధన'. యాకోబు పత్రికలో ఈ ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది: ఓర్పును పెంచే పరీక్షకూ అదే, పాపం వైపు లాగే ప్రేరేపణకూ అదే. ఒకే కష్టం ఒకరిని గట్టిపరచవచ్చు, ఇంకొకరిని చేదు మనిషిగా మార్చవచ్చు. అందుకే కష్టం దానంతట అది విశ్వాసాన్ని పెంచుతుందని బైబిలు ఎక్కడా అనదు. శ్రమలో నుంచి ఓర్పు, ఓర్పులో నుంచి నిగ్గు తేలిన గుణం, అందులో నుంచి నిరీక్షణ వస్తాయని పౌలు రోమా సంఘానికి రాసినప్పుడు కూడా, ఆ వరుసకు ఆధారంగా చూపింది హృదయాల్లో కుమ్మరించిన దేవుడి ప్రేమనే.

మూడోది 'ఆదరణ'. బయట అది గౌరవంగా చూసుకోవడం, చేరదీయడం. సంఘంలో దుఃఖంలో ఉన్నవారికి దొరికే ఓదార్పు. దేవుడి ఓదార్పు చాలాసార్లు ఎవరో ఒకరు చేరదీయడం ద్వారానే మనిషిని చేరుతుంది కనుక, ఈ రెండు అర్థాలు ఒకదానికొకటి దూరమైనవి కావు.

మొర కూడా ప్రార్థనే

కష్టంలో ఉన్న విశ్వాసి మొదట పడే భయం, దేవుణ్ణి ప్రశ్నిస్తే అవిశ్వాసం అవుతుందేమోనని. బైబిలు ఆ భయాన్ని నిలబడనివ్వదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 13వ కీర్తన ఎంతకాలమని పదేపదే అడుగుతుంది. చాలా మొరలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, కాని 88వ కీర్తన తిరగదు. చీకటి మాటతోనే ముగిసిపోతుంది. అలాంటి కీర్తనను ఆరాధన గ్రంథంలో నుంచి ఎవరూ తీసివేయలేదు. వెలుగు కనబడని మనిషి కూడా ఆ చీకటిలో నుంచే దేవుడితో మాట్లాడవచ్చునని దాన్ని అలాగే ఉంచారు.

హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడే అధ్యాయాలు. అన్యాయాన్ని చూస్తూ ఎందుకు ఊరుకుంటున్నావని దేవుణ్ణి నిలదీయడంతో అది మొదలవుతుంది. చివర్లో ప్రవక్త పంటల లెక్క చెబుతాడు: అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ దిగుబడి లేదు, చేనులో గింజ లేదు, దొడ్లో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు. ఆ లెక్కంతా చెప్పాక దేవుడిలో ఆనందిస్తానంటాడు. నష్టాన్ని దాచకుండా, ఒక్కొక్కటీ పేరు పెట్టి లెక్కించిన తర్వాత పలికిన నమ్మకం అది. వానాధారపు సేద్యం చేసే ఏ రైతుకైనా ఆ లెక్క కొత్తగా అనిపించదు.

గెత్సేమనే తోటలో యేసు తన ముందున్న శ్రమల గిన్నె తొలగిపోవాలని అడిగాడు. అది తొలగలేదు. క్రైస్తవుల దృష్టిలో ఆయన అడగడమూ విశ్వాసమే, తండ్రి చిత్తానికి తల వంచడమూ విశ్వాసమే. ఒకటి ఉంటే రెండోది ఉండదనుకోవడం పొరపాటు.

మందలించడానికి వచ్చినవారు

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం పోగొట్టుకున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడరు. ఆ తర్వాత నోరు తెరిచి, నువ్వు ఏదో పాపం చేసి ఉంటావని వాదించడం మొదలుపెడతారు. చివరికి దేవుడు తప్పు పట్టింది ఆ స్నేహితులనే. దేవుణ్ణి నిలదీసిన యోబే ఆయనను గురించి సరిగా మాట్లాడినవాడయ్యాడు.

తెలంగాణ పల్లెల్లో 'మందలించడం' అంటే పలకరించడం, మంచిచెడు అడగడం. ఇంట్లో చావు జరిగినా, ఎవరైనా దవాఖాన నుంచి వచ్చినా ఊరివాళ్ళు వచ్చి మందలించి పోతారు. వాకిట్లో కూర్చుని ఎప్పుడైంది, ఎట్లయింది అని అడిగి, కాసేపు ఊరకే ఉండి లేచిపోతారు. కోస్తా తెలుగులో ఇదే మాటకు గద్దించడమని అర్థం. యోబు స్నేహితులు మొదటి అర్థంతో వచ్చి రెండో అర్థంలోకి జారిపోయారు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళే ప్రతి విశ్వాసికీ, ప్రతి కాపరికీ పొంచి ఉన్న ప్రమాదం ఇదే. ఆ ఏడు రోజుల మౌనమే వారు చేసిన గొప్ప పరిచర్య.

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా

తెలుగు క్రైస్తవ చరిత్రలో నిరీక్షణకు అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్. శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదేళ్ళు దాటినా విశ్వాసులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1853లో ఈ మిషన్‌ను మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. మూయలేదు గాని, మూయకూడదనడానికి చూపగల ఫలితమూ ఏమీ లేదు. 1854 జనవరి 1న తెల్లవారక ముందే లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

అదే కాలంలో మరోవైపు ఇంకో ఎదురుచూపు నడుస్తోంది. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, చర్మాల వ్యాపారి. సత్యం కోసం వెతుకుతూ కొంతకాలం యోగ మార్గాన్ని అనుసరించాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వారి మధ్య ఊరూరా తిరిగి బోధించాడు. కొండ మీద ప్రార్థించిన నాటికి వారికి పేరయ్య తెలియడు, పేరయ్యకు ఆ ప్రార్థన తెలియదు. ఎదురుచూస్తున్న వేళ దేవుడు ఇంకెక్కడో ఇంకెవరితోనో పని చేస్తూ ఉండవచ్చునన్న నమ్మకానికి తెలుగు సంఘాలు ఈ కథనే గుర్తు చేసుకుంటాయి.

తర్వాత 1876-78 మహాకరువు వచ్చింది. దక్షిణ భారతమంతా లక్షల మందిని పొట్టన పెట్టుకున్న కరువు అది. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. పలుగు పారల మధ్యే బోధ సాగింది, వేల మంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలాలని దాదాపు పదిహేను నెలలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక కూడా జనం తరలివచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను విజయగాథగా మాత్రమే చెప్పుకుంటే అసలు పాఠం పోతుంది. విలువైనది ఆ ఆగడం. ఆకలిగా ఉన్నవాడికి ముందు పని, కూడు ఇవ్వాలి. వాటికి బదులుగా విశ్వాసాన్ని అడగకూడదు. అన్నం ఆగిన తర్వాత కూడా నిలిచే నమ్మకాన్నే నమ్మకమనాలి.

నమ్మిన తర్వాత కష్టాలు తీరలేదు, కొత్తవి వచ్చాయి. ఊరి జాతరలో డప్పు కొట్టం, చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం వెట్టికి రాం అన్నవారికి పనులు పోయాయి, బావి నీళ్ళు ఆగాయి, దెబ్బలూ తగిలాయి. స్వతంత్ర భారతంలో మరో చిక్కు ఎదురైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌కు వస్తారు. వాడలో వివక్ష పాతదే, కాగితం మీద హక్కు వేరు. పిల్లల చదువు ఒకవైపు, సంఘంలో ఒప్పుకున్న పేరు ఒకవైపు లాగుతుంటే కుటుంబాలు పడే నలుగుబాటును విశ్వాసం చాలకపోవడంగా చూడడం అన్యాయం. దేవుణ్ణి నమ్మడం, న్యాయం కోసం అడగడం రెండూ హబక్కూకు గ్రంథంలో ఒకే నోటి నుంచి వచ్చినవే.

మెదక్ గాజు కిటికీలు

మెదక్ చర్చి కూడా కష్టకాలపు కట్టడమే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధం, కరువు, అంటురోగాలు ఆ పదేళ్ళలోనే వచ్చాయి. పని చేసినవారికి తిండి దొరికేలా కట్టడం సాగించారని మెదక్ సీమలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల యేసు ఆరోహణం, జననం, సిలువ దృశ్యాలున్న మూడు రంగుగాజు కిటికీలు ఉన్నాయి. ఆరోహణ కిటికీ 1927లో, జనన కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో అమర్చారు. బయట నిలబడి చూస్తే అవి నల్లని మసక గాజులే. లోపలికి వెళ్ళి పగటి వెలుగుకు ఎదురుగా నిలబడితే నీలం, ఎరుపు, బంగారు రంగుల్లో బొమ్మ తేరుకుంటుంది. పొద్దు కుంకితే మళ్ళీ ఏమీ కనిపించదు. బొమ్మ మాత్రం ఎక్కడికీ పోదు. చూసిన దాన్ని చీకట్లో గుర్తుపెట్టుకోవడం విశ్వాసంలో పెద్ద భాగం. ఇశ్రాయేలీయుల పండుగలు, క్రైస్తవుల ప్రభువు బల్ల ఆ జ్ఞాపకాన్ని నిలపడానికి ఏర్పడినవే.

కోహీర్ ఎర్రనేల

మెదక్‌కు నైరుతిగా, జహీరాబాద్ పక్కన కోహీర్ ఉంది. ఇప్పుడిది సంగారెడ్డి జిల్లా. 1956కు ముందు ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినిపించే సరిహద్దు సీమ. వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ సంఘాలు అందులో చేరాయి, ఇటువైపు మెథడిస్టు సంఘాలు విడిగానే కొనసాగాయి. ఏటా నవంబరులో వికారాబాద్ జిల్లా ధారూర్ దగ్గర జరిగే మెథడిస్టు జాతరకు చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు తరలివస్తాయి. చెట్ల కింద గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని, వాక్యం విని, పాటలు పాడుకుని వెళ్తాయి. ఇంటి దగ్గర ఒంటరిగా మోసిన బరువును అక్కడ పదిమందిలో దించుకుంటారు.

కోహీర్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది జామ. జామతోటల్లో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలంలో తోటకు నీళ్ళు కట్టడం ఆపేస్తారు. ఆకు వాడి, పండుబారి, రాలుతుంది. తెలియనివాడు చూస్తే తోట చచ్చిపోయిందనుకుంటాడు. తొలకరికి పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, నీళ్ళు వదులుతారు. కొత్త చిగురుతో పాటే పూత వస్తుంది. ఆ పూత చలికాలంలో కాయ అవుతుంది. వానాకాలపు కాయకు పురుగు ఎక్కువ, రుచి తక్కువ. చలికాలపు కాయ గట్టిగా, తీపిగా ఉంటుంది.

కష్టకాలాన్ని ఈ ఎండబెట్టడంతో పోల్చడం సహజమే, కాని హద్దు తెలిసి పోల్చాలి. రైతు ఎన్ని రోజులు నీళ్ళు ఆపాలో నేలను బట్టి, చెట్టు వయసును బట్టి లెక్క చూసుకుంటాడు. లెక్క తప్పితే చెట్టే ఎండిపోతుంది. అలాగే, బోరు ఎండిపోయి వచ్చిన కరువును, కల్తీ విత్తనం తెచ్చిన నష్టాన్ని, మనిషి మనిషికి చేసిన అన్యాయాన్ని దేవుడే పంపాడనడం తప్పు. చెడును దేవుడు పుట్టించాడని కాదు, చెడు మధ్యలో కూడా ఆయన తోటను విడిచి వెళ్ళలేదని క్రైస్తవ విశ్వాసం చెబుతుంది. నీళ్ళు ఆగిన రోజుల్లో చెట్టు చేయగలిగింది ఒకటే, వేళ్ళను నేలలో ఉంచడం.

ఆ వేళ్ళు నిలిపే పనులు ఈ సీమ సంఘాల్లో పెద్దగా కనిపించనివే: రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన, వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం సాక్ష్యం. వాటి విలువ కరోనా కాలంలో తెలిసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై చర్చిలు మూతపడ్డాయి. ఏప్రిల్ 12న ఈస్టరు తాళం వేసిన గుడుల మధ్యే వచ్చింది. జూన్ 8 తర్వాతే ప్రార్థనా స్థలాలు తెరుచుకున్నాయి. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదన్న నిబంధన వల్ల మందలించడానికి వచ్చేవారు కూడా లేకపోయారు. ఆ నెలల్లో సంఘాన్ని నిలిపింది ఇళ్ళలోని చాప, అరిగిపోయిన కీర్తనల పుస్తకం, ఫోన్లో వినిపించిన కాపరి గొంతు. ఇంటి ప్రార్థన అలవాటు ముందునుంచే ఉన్నచోట అయోమయం తక్కువైంది. కరువులో చెరువు తవ్వడం మొదలుపెట్టిన మనిషికి ఆ ఏడు నీళ్ళు దొరకవు.

దారి తప్పించే బోధలు

కష్టకాలంలో మనిషి ఏ మాటనైనా పట్టుకుంటాడు కనుక తప్పుడు బోధలు అప్పుడే ఎక్కువగా చొరబడతాయి. విశ్వాసం ఉంటే జబ్బు రాదని, అప్పు తీరుతుందని, తగ్గకపోతే విశ్వాసం చాలలేదని చెప్పే బోధ వాటిలో మొదటిది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. కృప చాలునన్న మాట దొరికింది. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరూ అనలేరు.

రెండోది మందులు మానిపించే బోధ. సువార్త రాసిన లూకా వైద్యుడని, తిమోతి కడుపు జబ్బుకు పౌలు చికిత్స చెప్పాడని మరచిన బోధ అది. తెలుగునాట మిషన్లు గుడి పక్కనే దవాఖాన కట్టాయి. మాత్ర వేసుకుని ప్రార్థించడంలో విరోధం ఏమీ లేదు. మనసు కుంగిపోయినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం కూడా అంతే. మూడోది బేరం: ఇంత కానుక ఇస్తే ఇంత మేలు. కానుక కృతజ్ఞతగా ఇచ్చేది, కష్టంలో ఉన్నవాడి భయం మీద వసూలు చేసేది కాదు. నాలుగోది, ప్రతి సంఘటనకూ దేవుడి కారణం తనకు తెలుసన్న ధీమా. యోబుకు సుడిగాలిలో నుంచి దేవుడు మాట్లాడినప్పుడు కూడా కారణం చెప్పలేదు. ఆయనే వచ్చి మాట్లాడాడు, యోబుకు అది చాలింది.

ఎదుగుదల గుర్తులు

విశ్వాసం పెరిగిందనడానికి సందేహం మాయమవడం గుర్తు కాదు. జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి తన నమ్మకాన్ని, అపనమ్మకాన్ని ఒకే ఊపిరిలో ఒప్పుకున్నాడని మార్కు సువార్త చెబుతుంది. యేసు అతన్ని వెనక్కి పంపలేదు. పెరిగిన విశ్వాసం ప్రార్థనలో నిజం మాట్లాడుతుంది. రేపు తెలియకపోయినా ఇవాళ చేయవలసిన మంచిని ఆపదు. తన బాధ వల్ల ఎదుటివారి బాధను తొందరగా గుర్తుపడుతుంది. తాను పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించాలని పౌలు కొరింథీయులకు రాసింది ఇదే. జవాబు తెలియని చోట తెలియదని చెప్పగలుగుతుంది.

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసుల జాబితా. అందులో సింహాల నోళ్ళు మూయించినవారు, కత్తివాత తప్పించుకున్నవారు ఉన్నారు. అదే అధ్యాయంలో, అదే విశ్వాసంతో, రాళ్ళ దెబ్బలు తిన్నవారు, కత్తికి బలైనవారు కూడా ఉన్నారు. విడుదల పొందినవారికి ఒక జాబితా, పొందనివారికి మరొకటి రాయలేదు. కోహీర్ పక్క పల్లెలో ఒక ఇంట్లో ప్రార్థన ఫలించి బిడ్డ బతకవచ్చు, పక్క ఇంట్లో అదే ప్రార్థన చేసినా బిడ్డ దక్కకపోవచ్చు. ఆదివారం ఆ రెండు కుటుంబాలు ఒకే చాప మీద కూర్చుంటాయి. మొదటి కుటుంబం సాక్ష్యం చెబుతున్నప్పుడు రెండో కుటుంబం పక్కన కూర్చుని వారి చేయి పట్టుకునే సంఘమే క్రైస్తవ నిరీక్షణను నేర్చుకున్న సంఘం.